గుడ్డ కత్తిరించే యంత్రం: కొనే ముందు, కోసే ముందు

గుడ్డను తప్పుగా కుడితే కుట్టు విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. తప్పుగా కత్తిరిస్తే దిద్దుకునే దారి లేదు. అందువల్లనే దర్జీల ఇళ్లలో గుండీలు కుట్టడం, అంచు మడవడం పిల్లలకైనా అప్పగిస్తారు గాని, కత్తెరను మాత్రం అనుభవం గల చేతికే ఇస్తారు. బెంగళూరు దుస్తుల కర్మాగారాలలోనూ పద్ధతి ఇదే. వందలాది మహిళలు మిషన్ల ముందు కూర్చొని కుట్టు పని చేస్తుండగా, గుడ్డ కోత మొత్తం 'కటింగ్ మాస్టరు' చూపు కింద జరుగుతుంది. ఆ కత్తెర పనిని ఇంట్లోనే చేసిపెట్టే చిన్న యంత్రాలు ఇటీవలి సంవత్సరాలలో మధ్యతరగతి ఇళ్లలోకి ప్రవేశిస్తున్నాయి. సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఈ యంత్రం ఏ మేరకు ఉపకరిస్తుంది, దేనికి ఉపకరించదు అన్నది డబ్బు చెల్లించక ముందే ఆలోచించవలసిన విషయం.

బెంగళూరుకు తూర్పున, కృష్ణరాజపురానికీ వైట్‌ఫీల్డుకూ నడుమ ఉన్న హూడి ఒకప్పుడు చెరువు, పొలాలు గల పల్లె. 1990ల చివర సమీపంలో ఐటీపీఎల్ వెలసిన తరువాత ఊరి రూపు మారిపోయింది. 2023 మార్చి 25న ప్రారంభమైన కృష్ణరాజపురం–వైట్‌ఫీల్డు మెట్రో మార్గంలో హూడికీ ఒక స్టేషను దక్కింది. అంతకన్న పాతదైన రైలు మార్గం మీద హూడి హాల్టు ఉన్నది. అవే పట్టాలు బంగారుపేట దాటి కుప్పం చేరుకుంటాయి. కుప్పం, వి.కోట, పలమనేరు ప్రాంతాల నుండి, కోలారు జిల్లా తెలుగు పల్లెల నుండి బతుకుతెరువు కోసం నగరానికి వచ్చినవారికి ఈ దారి కొత్తది కాదు. కూతురో కోడలో నగరంలో ఉద్యోగం చేస్తుండగా, ఊళ్లో తల్లి కాలితో తొక్కే కుట్టుమిషను మీద జాకెట్లు, సంచులు కుట్టే ఇళ్లు సరిహద్దున అనేకం. అటువంటి ఇంటిలో ఈ యంత్రం ప్రస్తావన వచ్చినప్పుడు ఉపకరించే వివరాలు ఇవి.

యంత్రం పనిచేసే తీరు

ఈ యంత్రం చూపులకు కంప్యూటరు పక్కన ఉండే ప్రింటరు వలె ఉంటుంది. సిరా ఉండవలసిన చోట చిన్న కత్తి ఉంటుంది. ఫోనులోగాని, కంప్యూటరులోగాని గీసిన బొమ్మ యంత్రానికి అందుతుంది. గుడ్డను జిగురు పూసిన ప్లాస్టిక్ చాప మీద అంటించి లోపలికి పంపుతారు. రోలర్లు చాపను ముందుకు, వెనుకకు నడుపుతాయి. కత్తి ఎడమకు, కుడికి కదులుతుంది. ఈ రెండు కదలికలు కలిసినప్పుడు ఎంతటి వంపునైనా గీత తప్పకుండా కోయడం సాధ్యమవుతుంది.

తొలినాళ్లలో ఇవి కాగితం, అట్ట, అంటించే స్టిక్కర్ల కోసం తయారైనవి. వాటిలోని కత్తి సూది మొన వలె ఉండి, వస్తువు మీద ఈడ్చుకుంటూ పోతుంది. కాగితానికి అది చాలు. గుడ్డ మాత్రం పడుగు, పేక పోగుల అల్లిక. మొన కత్తి ఈడ్చినప్పుడు పోగులు తెగడానికి బదులు పక్కకు జరుగుతాయి, అంచు చిందరవందర అవుతుంది. ఈ చిక్కుకు విరుగుడుగా చక్రం వంటి కత్తి వచ్చింది. కజ్జికాయల అంచు కత్తిరించే చిన్న చక్రం పిండిని లాగకుండా దొర్లుతూ ఎలా కోస్తుందో, ఈ కత్తి గుడ్డ మీద అలాగే దొర్లుతుంది. అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన క్రికట్ సంస్థ 2017లో విడుదల చేసిన 'మేకర్' యంత్రంలో ఇటువంటి చక్రపు కత్తి ఉన్నది. జపాను సంస్థ బ్రదర్ 2013 నుండి 'స్కాన్‌ఎన్‌కట్' పేరిట తెచ్చిన యంత్రాలలో కాగితం మీద గీసిన బొమ్మను యంత్రమే చూసి గ్రహించే ఏర్పాటు ఉన్నది. సిల్హౌట్ సంస్థ వారి 'కేమియో' కూడా ఈ కోవలోనిదే.

యంత్రం ఏదైనప్పటికీ కొనే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఒక్కటే: వెనుక ఏ పొరా అంటించని మామూలు నూలు గుడ్డను ఇది కోస్తుందా? 'గుడ్డ కోస్తుంది' అన్న మాటకు, 'బిరుసు పొర అంటించిన గుడ్డను మాత్రమే కోస్తుంది' అన్న అర్థం కూడా ఉండవచ్చు. ఆ తేడా తెలియక కొన్నవారు ప్రతి ముక్కకూ అదనపు పొర ఖర్చు భరించవలసి వస్తుంది.

కర్మాగారపు కోత వేరు, ఇంటి కోత వేరు

దుస్తుల కర్మాగారాలలో పనిచేసి వచ్చినవారికి కోత అనగానే పొడవాటి బల్ల గుర్తుకు వస్తుంది. ఆ బల్ల మీద గుడ్డను పదుల పొరలుగా పరచి, పైన నమూనా కాగితం ఉంచి, నిలువు కత్తి గల విద్యుత్ యంత్రంతో ఒక్క కోతలో పదుల ముక్కలు తీస్తారు. కోసే వ్యక్తి చేతికి ఇనుప అల్లిక తొడుగు ఉంటుంది. ఒక ముక్కకు పడే సమయం అక్కడ లెక్కకు రానంత తక్కువ.

ఇంటి యంత్రం అటువంటిది కాదు. అది సాధారణంగా ఒక్క పొరను మాత్రమే కోస్తుంది. చాప కొలత కూడా పరిమితమే. ఎక్కువగా వాడుకలో ఉన్నవి 12 అంగుళాల చదరపు చాప, 12కు 24 అంగుళాల పొడవు చాప. అంచులు పోగా కత్తి తిరిగే జాగా సుమారు పదకొండున్నర అంగుళాలు. జాకెట్టు వీపు ముక్క, లంగా పొడవు, చొక్కా చేయి వంటివి దీనిలో ఇమడవు. కాబట్టి ఇది బట్టలు కుట్టే దర్జీ కత్తెరకు బదులుగా వచ్చిన సాధనం కాదు. చిన్న చిన్న ముక్కలకు, అందునా ఒకే ఆకారం అనేక పర్యాయాలు కావలసిన పనులకు ఉద్దేశించినది.

ఏ పనికి ఏ సాధనం

నాలుగు వైపులా తిన్నగా ఉండే ముక్కలకు ఈ యంత్రం దండుగ. కూరగాయల సంచి, దిండు గలీబు, బొంతకు కావలసిన చదరాలు ఇటువంటివే. గుడ్డను నాలుగు మడతలు వేసి, స్కేలు ఆనించి, చేతితో నడిపే చక్రపు కత్తితో కోస్తే నాలుగు ముక్కలు ఒకేసారి వస్తాయి. జపానుకు చెందిన ఓల్ఫా సంస్థ 1979లో పరిచయం చేసిన ఈ చేతి చక్రానికి, దాని కింద పరిచే చాపకు అయ్యే ఖర్చు యంత్రం ధరలో చాలా స్వల్ప భాగం. అది కూడా అక్కరలేదనుకునేవారికి పదునైన కత్తెర, సుద్దముక్క ఉండనే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని నిషేధించింది. ఆ మీదట గుడ్డ సంచుల వ్యాపారం చేయదలచినవారు యంత్రం వైపు గాక, ఈ చేతి చక్రం వైపు చూడడం ఉచితం.

వంపులు తిరిగిన చిన్న ఆకారాల విషయంలో యంత్రం అక్కరకు వస్తుంది. పసిపిల్లల చొంగ గుడ్డ మెడ వంపు, సంచి మీద అతికే పువ్వులు, ఆకులు, చిలకలు, బొమ్మల కొలువులోని బొమ్మలకు తొడిగే బుల్లి దుస్తులు, గుమ్మానికి కట్టే గుడ్డ మామిడాకుల తోరణం వంటివి ఈ కోవకు చెందుతాయి. వీటిలో ఒక ముక్కకూ మరొక ముక్కకూ నూలుపోగంత తేడా వచ్చినా రెండింటినీ జత చేసి కుట్టినప్పుడు ముడతలు పడతాయి. వందవ ముక్క కూడా మొదటి ముక్క వలెనే ఉండడం యంత్రం వల్ల కలిగే అసలు లాభం.

గుడ్డను సిద్ధం చేయడం

యంత్రం గీత మీద కోస్తుంది. గీత ఏ దిక్కున ఉండాలో, గుడ్డ రేపు ఎంత కుంగుతుందో దానికి తెలియదు. అది మనిషి తెలుసుకోవలసిన విద్య.

మొదటిది నీటి పని. కొత్త నూలు గుడ్డ, ముఖ్యంగా కోరా గుడ్డ, తొలిసారి తడిసినప్పుడు కుంగుతుంది. కోసి కుట్టిన తరువాత కుంగితే పైగుడ్డ ఒక తీరున, లోపలి ఆస్తరు మరొక తీరున ముడుచుకుపోతాయి. కాబట్టి కోతకు ముందే నానబెట్టి, ఉతికి, నీడన ఆరవేయాలి. ముదురు రంగు గుడ్డలను విడిగా నానబెట్టి, రంగు దిగుతున్నదా లేదా అన్నది ఈ దశలోనే చూసుకోవాలి.

రెండవది గంజి. చీరలకు గంజి పెట్టడం ఎరిగిన పల్లె గృహిణికి ఇక్కడ అదృష్టం కలిసివచ్చినట్లే. మెత్తటి గుడ్డ చాప మీద జారుతుంది, కత్తి ముందు ముడతలు పడుతుంది. పలుచని గంజిలో ముంచి ఆరవేసి, కొంచెం తేమ ఉండగానే ఇస్త్రీ చేసిన గుడ్డ అట్ట వలె నిటారుగా నిలుస్తుంది, చక్కగా తెగుతుంది. గంజి ఉండలు లేకుండా వడకట్టుకోవాలి. పని ముగిశాక ఒక్క ఉతుకుతో గంజి పోతుంది.

మూడవది పోగు దిక్కు. గుడ్డ అంచుకు సమాంతరంగా పోయేది పడుగు, అడ్డంగా పోయేది పేక. పడుగు దిక్కున లాగితే గుడ్డ దాదాపు సాగదు. పేక దిక్కున కొద్దిగా సాగుతుంది. మూలగా, అనగా దర్జీలు క్రాస్ అనే దిక్కున, బాగా సాగుతుంది. గుడ్డను చాప మీద వంకరగా అంటిస్తే ముక్క ఆకారం సరిగానే వస్తుంది, కుట్టిన తరువాత మాత్రం మెలి తిరుగుతుంది. అందుచేత గుడ్డ అంచును చాప మీది గళ్ల గీతకు సమంగా ఉంచాలి. అంచు లేని తునకల విషయంలో ఒక పోగును మెల్లగా లాగి తీస్తే, అది వదిలిన సన్నని గీత దిక్కు చూపుతుంది.

నాలుగవది కుట్టు మార్జిను. తెరమీది బొమ్మ పూర్తయిన వస్తువు కొలతలో ఉంటే, కోసిన ముక్క కుట్టిన తరువాత చిన్నదవుతుంది. చుట్టూ పావు అంగుళం కలిపి గీయాలి. దర్జీకి ఇది చేతి అలవాటు, తెర ముందు కూర్చున్న యువతికి మాత్రం ఎవరైనా చెప్పవలసిన మాట.

మామిడాకు తోరణం: ఒక లెక్క

ఉగాదికి, వ్రతాలకు ప్లాస్టిక్ తోరణానికి బదులుగా గుడ్డ తోరణం కట్టుకుంటే ఉతికి సంవత్సరాల తరబడి వాడవచ్చు. 21 ఆకుల తోరణం లెక్క పరిశీలిస్తే యంత్రం బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి.

కుట్టిన తరువాత ఆకు పొడవు నాలుగు ముప్పావు అంగుళాలు, వెడల్పు ఒకటిన్నర అంగుళాలు ఉండాలనుకుంటే, మార్జినుతో కలిపి కోయవలసిన కొలత అయిదుంపావుకు రెండు అంగుళాలు. ప్రతి ఆకుకు ముందు ముక్క, వెనుక ముక్క కావాలి. అంటే ఒక తోరణానికి 42 ముక్కలు. చదరపు చాప మీద వరుసకు అయిదు చొప్పున రెండు వరుసలు, మొత్తం 10 ముక్కలు పడతాయి.

ఇక గుడ్డ లెక్క. 44 అంగుళాల పన్నా గల నూలు గుడ్డను మీటరు కన్న కొంచెం ఎక్కువగా తీసుకొని, ఉతికి, గట్టి అంచులు తీసివేస్తే 43 అంగుళాల వెడల్పు, 39 అంగుళాల పొడవు మిగిలిందనుకుంటే, చాప 12 అంగుళాలు గదా అని గుడ్డను కూడా 12 అంగుళాల చదరాలుగా చింపేవారికి అడ్డంగా మూడు, నిలువుగా మూడు, వెరసి 9 చదరాలు వస్తాయి. వాటి నుండి 90 ముక్కలు. రెండు తోరణాలు పూర్తయి ఆరు ముక్కలు మిగులుతాయి.

అదే గుడ్డను పన్నాలో నాలుగు సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి పది ముప్పావు అంగుళాలు. అయిదు ఆకుల వరుసకు పది అంగుళాలే కావాలి గనుక ఆ వెడల్పు చాలును. నిలువున కూడా పది ముప్పావు చొప్పున మూడు భాగాలు తీస్తే 12 చదరాలు, 120 ముక్కలు. ఇంకా దిగువన ఏడు అంగుళాలకు కొంచెం తక్కువ వెడల్పు గల పట్టీ మిగులుతుంది. ఆకు పొడవు అయిదుంపావే గనుక ఆ పట్టీలో మరొక వరుస పడుతుంది, నాలుగు భాగాలకు 20 ముక్కలు. మొత్తం 140. మూడు తోరణాలకు కావలసినవి 126. రెండు తోరణాల గుడ్డలో మూడు తోరణాలు వచ్చినట్లు. ఈ లాభం యంత్రం ఇచ్చినది కాదు, కాగితం మీద వేసిన లెక్క ఇచ్చినది. కత్తెరతో కోసినా ఈ లెక్క వర్తిస్తుంది.

కాలం లెక్క కూడా చూడదగినదే. గుడ్డ అంటించడం, కోయడం, ముక్కలు ఊడదీయడం కలిపి చాపకు అయిదు నిమిషాలు పట్టిందనుకుంటే, 12 చదరాలకు, నాలుగు పట్టీ తునకలకు గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. అట్ట నమూనా పెట్టి, రెండు పొరలు కలిపి కత్తెరతో కోసేవారికి జతకు నిమిషంన్నర చొప్పున 63 జతలకు గంటన్నర దాటుతుంది. తేడా పెద్దది కాదు. అయితే యంత్రం కోస్తున్నంతసేపు మనిషి చేతులు ఖాళీగా ఉంటాయి, ఆ వ్యవధిలో ముందు చాప ముక్కలు కుట్టుకోవచ్చు. బొటనవేలికి కత్తెర ఒరుపు ఉండదు. అన్ని ఆకులూ ఒక్క తీరుగా ఉంటాయి. యంత్రం కొన్నందువల్ల పని పదింతలు వేగమవుతుందన్న ఆశతో దిగేవారు నిరాశ పడతారు. పని సుతారం కావాలని దిగేవారు తృప్తి పడతారు.

తెలుగు అక్షరాల చిక్కు

బడి సంచి మీద బిడ్డ పేరు తెలుగులో అతకాలన్న కోరిక సహజం. ఇంగ్లీషు పెద్దక్షరాలలో తిన్నని గీతలు ఎక్కువ, అందుచేత అవి సులువుగా తెగుతాయి. తెలుగు లిపి అంతా వంపులు, సున్నలు, గుడులు, కొమ్ములు. చక్రపు కత్తి మలుపు తిరగడానికి జాగా కావాలి. క్రికట్ చక్రపు కత్తి విషయంలో ముప్పావు అంగుళం కన్న చిన్న ఆకారాలు వద్దన్నది తయారీదారుల సూచన. అక్షరం మూడు అంగుళాల ఎత్తు ఉన్నప్పటికీ అందులోని సున్న లోపలి ఖాళీ అంతకంటె చిన్నదే కావచ్చు.

ఇటువంటి చోట గుడ్డ వెనుక ఇస్త్రీతో అంటుకునే పొరను, కర్మాగారాలలో ఫ్యూజింగ్ అనే దానిని, అతికించి, పూర్తిగా చల్లారిన తరువాత మొన కత్తితో కోయడం మేలు. పొర అంటిన గుడ్డలో పోగులు కదలవు గనుక మొన కత్తి కూడా శుభ్రంగా కోస్తుంది. సంచి మీద నేరుగా అతకదలచినప్పుడు రెండు వైపులా జిగురు ఉండి, ఒక వైపు కాగితం కప్పిన పొర తెచ్చుకోవాలి.

మరి మూడు జాగ్రత్తలు తెలుగుకు ప్రత్యేకం. ప, స, హ వంటి అక్షరాలలో తలకట్టు కింది భాగంతో కలవక విడిగా నిలుస్తుంది. కోసిన తరువాత ఆ చిన్న ముక్క చెత్తలో కలిసిపోతుంది. తెర మీదనే సన్నని వారధి గీసి కలిపివేయడం ఉత్తమం. రెండవది, గుణింతపు గుర్తులు, వత్తులు అక్షరం మీదికి వచ్చిన చోట గీతలు ఒకదానినొకటి దాటుతుంటాయి. వాటిని ఒకే ఆకారంగా కలపకపోతే కత్తి ఆ దాటిన గీతల వెంట కూడా నడిచి అక్షరాన్ని ముక్కలు చేస్తుంది. మూడవది, గుడ్డను బొమ్మ వైపు కిందికి ఉంచి అంటించినప్పుడు పేరును అద్దంలో చూసినట్లు తిప్పి పంపాలి. పువ్వుకు, ఆకుకు ఈ పొరపాటు కనబడదు గాని, అక్షరానికి కొట్టవచ్చినట్లు కనబడుతుంది.

చాప, కత్తి, కరెంటు

గుడ్డ కత్తెరతో కాగితం కత్తిరించిన పిల్లవాడిని దర్జీ మందలించడం అందరూ చూసినదే. కాగితం కత్తి పదును చెరుపుతుంది. ఆ నియమం ఈ యంత్రానికీ వర్తిస్తుంది. గుడ్డకు వాడే కత్తిని గుడ్డకే కేటాయించి, కాగితానికి వేరొకటి ఉంచుకోవాలి.

చాప మీది జిగురుకు శత్రువులు రెండు: చేతి జిడ్డు, నూలు పీచు. జిగురు వైపు వేళ్లతో తాకరాదు. గుడ్డను చేతితో అదమడానికి బదులు చపాతీ కర్రను మెల్లగా దొర్లించవచ్చు. కోత ముగిశాక గుడ్డను లాగితే ముక్కలు సాగుతాయి. చాపను బోర్లించి, గుడ్డ నుండి చాపనే వెనుకకు వంచుతూ ఒలచాలి. మిగిలిన పీచును చిన్న పట్టకారుతో ఏరి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి భద్రపరచాలి. ప్రతి కొత్త గుడ్డకూ అసలు పని మొదలుపెట్టక ముందు ఒక మూలన అంగుళం చదరం కోసి చూడాలి. అన్ని వైపులా పోగు తెగి సులువుగా లేస్తే సరి, లేకపోతే ఒత్తిడి పెంచడమో, కత్తి మార్చడమో చేయాలి.

సగం కోతలో కరెంటు పోతే యంత్రం తానెక్కడ ఆగిందో మరచిపోయే ప్రమాదం ఉన్నది. మళ్లీ అదే గీత మీద కత్తిని నిలపడం కష్టం, ఆ గుడ్డ నష్టమే. కరెంటు తరచుగా పోయే ఊళ్లలో ఇన్వర్టరు లేకుండా ఈ పని పెట్టుకోరాదు. కొన్ని యంత్రాలకు అంతర్జాల సౌకర్యం కూడా తప్పనిసరి. ఈ సంగతి కొనే ముందే విచారించాలి. కత్తులు చిన్నవైనా పదును చిన్నది కాదు గనుక పసిపిల్లలకు అందని చోట ఉంచడం తల్లిదండ్రుల బాధ్యత.

అప్పు చేసే ముందు

యంత్రంతో ఖర్చు ముగియదు. చాపల జిగురు కొంతకాలానికి పోతుంది, కత్తులు మొద్దుబారుతాయి, ఇవి మళ్లీ మళ్లీ కొనవలసినవి. ఉదాహరణకు యంత్రం, చాపలు, కత్తులు కలిపి 40,000 రూపాయలు అయిందనుకుంటే, గుడ్డ, దారం, కూలి పోగా ఒక్కో తోరణం మీద 50 రూపాయలు మిగిలినప్పుడు, 800 తోరణాలు అమ్ముడుపోయిన తరువాతనే పెట్టుబడి తిరిగి చేతికి వస్తుంది. అన్ని తోరణాలు కొనేవారు ఎవరు, ఏ పండుగలకు, ఏ అంగడిలో అన్న ప్రశ్నకు ముందుగా జవాబు వెతకాలి. జవాబు దొరకనప్పుడు అట్ట నమూనా, పదునైన కత్తెరతో మొదటి 20 తోరణాలు చేసి అమ్మి చూడడం వివేకం. గిరాకీ ఉన్నదని తేలితే యంత్రం ఎప్పుడైనా కొనవచ్చు. గిరాకీ లేదని తేలితే నష్టం కొద్ది గుడ్డతో సరిపోతుంది, వడ్డీ భారం ఉండదు.

కుట్టు పనినే జీవనాధారంగా చేసుకున్నవారు కేంద్ర ప్రభుత్వ పథకాలను కూడా తెలుసుకోవాలి. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీ పని ఒకటి. నమోదైనవారికి శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం, ఆపై 5 శాతం వడ్డీతో మొదటి విడత లక్ష, రెండవ విడత రెండు లక్షల రూపాయల వరకు రుణం ఇందులోని అంశాలు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. ఆధార్‌తో సమీపంలోని కామన్ సర్వీస్ సెంటరులో నమోదు చేసుకోవాలి. ఆ సాయం దొరికినప్పుడు ముందు మంచి కుట్టుమిషను, ఆ తరువాత ఓవర్‌లాకు, చివరన కోత యంత్రం అన్న క్రమం సామాన్య కుటుంబానికి శ్రేయస్కరం. కోసిన ముక్కకు విలువ కుట్టు వల్లనే వస్తుంది.

అక్కడ కోత, ఇక్కడ కుట్టు

హూడి వంటి చోట నివసించేవారికి కరెంటు, అంతర్జాలం నమ్మకంగా ఉంటాయి. చిక్కపేట గుడ్డల అంగళ్లకు వెళ్లిరావడం తేలిక. ఆ ఇంటిలో లేనిది తీరిక. పల్లెలో తీరిక ఉన్నది, కుట్టు నేర్పు ఉన్నది, లేనిది చిన్న ముక్కలను సమంగా కోసే వసతి. కోసిన ముక్కలు తేలికైనవి. మూడు తోరణాల ముక్కలు ఒక చేతిసంచిలో ఇమిడిపోతాయి. ఆదివారం ఊరికి వచ్చేటప్పుడు రైలులో మూట తీసుకురావడం, మరుసటి వారానికి కుట్టిన వస్తువు నగరానికి చేరడం సాధ్యమే. అయితే మూటతో పాటు ఒక చీటీ తప్పక రావాలి: ఎన్ని ముక్కలు, పడుగు ఏ దిక్కున ఉన్నది, మార్జిను ఎంత, జతలు ఏవి. కోసినవారికి తెలిసినది కుట్టేవారికి తెలియకపోతే యంత్రం చేసిన సుతారం వృథా.

ఈ ఏర్పాటులో పెద్దల అనుభవం వెనుకబడదు, ముందుకు వస్తుంది. తెర మీద బొమ్మ గీయడం కూతురికి వచ్చును. గుడ్డ ఎంత కుంగుతుందో, ఏ దిక్కున సాగుతుందో, గంజి ఎంత పలుచన ఉండాలో తల్లికి తెలుసు. యంత్రం ఆ రెండవ విద్యను నేర్చుకోలేదు. కాబట్టి తొలి గుడ్డను చాప మీద అంటించక ముందు ఊరికి ఒక ఫోను చేసి పెద్దల మాట అడగడం మంచిది. దానివల్ల నష్టపోయేది ఏమీ లేదు, మీటరు గుడ్డ మిగిలినా మిగలవచ్చు.